తిడతారు కానీ తలపడరు: సొంత పార్టీ నాయకుడి మీద విమర్శ ప్రెస్‌మీట్ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ ఎమ్మెల్యే తరచూ సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో మైకు ముందు కూర్చుని సొంత పార్టీ నాయకత్వాన్ని ఏకిపారేస్తాడు. వారం తిరక్కుండానే అదే నాయకుడి పక్కన నిలబడి ఫొటో దిగుతాడు. రాజీనామా చేయడు, పార్టీ మారడు, నాయకత్వానికి పోటీ పడడు. ఇది భయమా, నాటకమా, లేక ఫిరాయింపుల చట్టం నిజంగానే చేతులు కట్టేసిందా అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో రాజకీయ విలేకరిగా పనిచేసి రిటైరయ్యాను. గాంధీ భవన్, ఎన్టీఆర్ భవన్, తెలంగాణ భవన్, నాంపల్లి బీజేపీ ఆఫీసు, అసెంబ్లీ లాబీలు, ఇవే నా బీటు. ఇలాంటి ప్రెస్‌మీట్లు చాలా కవర్ చేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. ముందు సూటిగా నా జవాబు: చట్టం చేతులు కట్టెయ్యలేదు. భయం ఉంది, కానీ మీరు అనుకుంటున్న చోట లేదు. మొత్తం నాటకం అనడం కూడా న్యాయం కాదు. మన పార్టీల్లో నాయకుడితో తలపడటానికి వేదికంటూ లేదు. టికెట్ మాత్రం ఒకరి చేతిలోనే ఉంది. ఈ రెండూ కలిసినచోట విమర్శ పోరాటానికి దారితీయదు, బేరానికి దారితీస్తుంది.

చట్టం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే నాయకులు ఎక్కువగా చూపించే సాకు అదే. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్ వచ్చింది. దాని ప్రకారం ఎమ్మెల్యేకి ముప్పు ప్రధానంగా రెండు వైపుల నుంచి. తనంతట తాను పార్టీ సభ్యత్వం వదులుకోవడం ఒకటి. విప్‌ను, అంటే ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి సభలో ఓటెయ్యడం, లేదా ఓటింగ్‌కి రాకపోవడం రెండోది. ఈ రెండో తప్పును కూడా పార్టీ 15 రోజుల్లో మన్నిస్తే పదవికి ఢోకా లేదు. విప్ అనేది సభలో ఓటింగ్‌కి సంబంధించినది. ప్రెస్‌క్లబ్‌లో మాట్లాడే మాటకి విప్ లేదు.

రాజీనామా లేఖ ఇవ్వకపోయినా, ప్రవర్తనను బట్టి కూడా పార్టీని వదులుకున్నట్టు తేల్చవచ్చని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోరు తెరిస్తే పదవి పోతుందని మన నాయకులు చెప్పేది ఈ తీర్పును చూపించే. కానీ అదే కోర్టు తర్వాత ఏం చెప్పిందో చూడండి. 2010లో కర్ణాటకలో కొందరు బీజేపీ ఎమ్మెల్యేలు ముఖ్యమంత్రి యడియూరప్ప మీద తమకు నమ్మకం లేదని ఏకంగా గవర్నర్‌కే లేఖ ఇచ్చారు. స్పీకర్ వాళ్ల మీద అనర్హత వేటు వేశారు. 2011లో సుప్రీంకోర్టు ఆ వేటును కొట్టేసింది. ముఖ్యమంత్రిని వద్దనడం వేరు, పార్టీని వదిలేయడం వేరు. గీత దాటడం అంటే ఏమిటో తెలియాలంటే 2017లో శరద్ యాదవ్ విషయం చూడాలి. ఆయన జేడీయూ సభ్యుడిగా ఉంటూనే పట్నాలో ఆర్జేడీ సభకు వెళ్లి వేదికెక్కారు. అప్పుడు రాజ్యసభ ఛైర్మన్‌గా ఉన్న వెంకయ్యనాయుడు గారు ఆయన సభ్యత్వాన్ని రద్దు చేశారు. అంటే సొంత నాయకుడిని తిట్టినంత మాత్రాన పదవి పోదు, ఎదుటి పార్టీ జెండా కిందికి వెళ్తే పోవచ్చు.

‘పోవచ్చు’ అనే అంటున్నాను. ఎందుకంటే అదీ తొందరగా పోదు. బీఆర్ఎస్ నుంచి గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లారన్న పది మంది ఎమ్మెల్యేల పిటిషన్ల మీద మూడు నెలల్లోగా నిర్ణయం తీసుకోవాలని తెలంగాణ స్పీకర్‌కు సుప్రీంకోర్టు 2025 జూలై 31న చెప్పాల్సి వచ్చింది. వేరే పార్టీ వైపు వెళ్లారన్నవాళ్ల విషయమే ఇంత సాగితే, పార్టీలోనే ఉండి విమర్శించేవాడికి చట్టం వల్ల భయం ఏముంటుంది? నరసాపురం ఎంపీగా రఘురామకృష్ణరాజు గారు 2020 నుంచి ‘రచ్చబండ’ పేరుతో ఢిల్లీలో ప్రెస్‌మీట్లు పెట్టి సొంత పార్టీ ముఖ్యమంత్రిని విమర్శించారు. ఆ జూలైలోనే వైసీపీ అనర్హత పిటిషన్ ఇచ్చింది. 2021 మేలో హైదరాబాద్‌లోని ఆయన ఇంటికే వచ్చి ఏపీ సీఐడీ అరెస్టు చేసింది. ఆయన పడ్డ కష్టాలు చిన్నవి కావు. కానీ ఎంపీ పదవి మాత్రం పోలేదు. 2024 ఫిబ్రవరిలో తానే పార్టీకి రాజీనామా చేశారు.

ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని జనం పెద్దగా గమనించరు. పార్టీ బహిష్కరించినా సరే, సభలో ఆ సభ్యుడు టికెట్ ఇచ్చిన పార్టీ మనిషిగానే లెక్క అని 1996లో విశ్వనాథన్ కేసులో సుప్రీంకోర్టు అంది. అతను వేరే పార్టీలో చేరితేనే పదవికి ముప్పు. కాబట్టి అసమ్మతి నాయకుడు తనంతట తాను వెళ్లడు. పార్టీయే పంపించాలని చూస్తాడు. పంపిస్తే సానుభూతి వస్తుంది, పదవీ ఉంటుంది. పార్టీకీ ఈ లెక్క తెలుసు కాబట్టి అది పంపించదు. షోకాజ్ నోటీసు ఇస్తుంది, వివరణ తీసుకుంటుంది, ఫైలు పక్కన పెడుతుంది. ‘నువ్వే పో’ అని వీళ్లు, ‘నువ్వే పంపించు’ అని వాళ్లు. పాము చావదు, కర్ర విరగదు. మీ ఎమ్మెల్యే పక్కన ఫొటోలో నవ్వుతున్న నాయకుడు అతన్ని క్షమించాడని అనుకోకండి. ఎవరు ముందు కదులుతారా అని ఇద్దరూ చూస్తున్నారు.

చట్టంలో నిజంగా అన్యాయం ఉన్నది వేరే చోట. 2003 దాకా మూడో వంతు మంది చీలితే పదవులు నిలిచేవి. 91వ సవరణతో ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు మూడింట రెండు వంతుల మంది కలిసి విలీనమైతేనే రక్షణ. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమైంది ఈ లెక్క ప్రకారమే. గుంపుగా పోతే తప్పు లేదు, మనస్సాక్షి కోసం ఒక్కడు సభలో విప్‌కి ఎదురు ఓటేస్తే పదవి పోతుంది. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి. ఒంటరిగా మాట్లాడే ఎమ్మెల్యే సభలో ఓటు దగ్గరికి వచ్చేసరికి నిస్సహాయుడే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఓటు దాకా రాని సందర్భాలే ఎక్కువ, అక్కడా వాళ్లు మౌనంగానే ఉంటారు.

మరి అసలు భయం దేనికి? బీ-ఫారానికి, అంటే ఈయనే మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే కాగితానికి.

ఒక ఎన్నికల్లో నామినేషన్ల చివరి రోజు నగరంలో ఒక రిటర్నింగ్ అధికారి ఆఫీసు బయట చూసినది చెప్తాను. పేరు, పార్టీ అనవసరం. ఆ నాయకుడు అంతకుముందు చాలాకాలంగా తన పార్టీ అధ్యక్షుడి మీద ఘాటుగా మాట్లాడినవాడు. మంచి ముహూర్తం చూసుకుని నామినేషన్ ముందే వేసేశాడు కానీ బీ-ఫారం ఇంకా రాలేదు. పార్టీ అధీకృత వ్యక్తి సిరాతో సంతకం చేసిన అసలు కాగితం మధ్యాహ్నం మూడు గంటల్లోపు అధికారికి చేరాలి. జిరాక్సు, రబ్బరు స్టాంపు సంతకం చెల్లవు. మూడు దాటితే అతను స్వతంత్రుడి కిందే లెక్క, గుర్తు పోయినట్టే. కాగితం తెచ్చే కుర్రాడు పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఉన్నానంటున్నాడు. నాయకుడు కారు దిగడం, ఎక్కడం, ఫోన్ చేయడం. టెన్షన్‌లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆ ఫోన్లన్నీ ఎవరికో నాకు తెలుసు, ఏ ఆఫీసు మీద మండిపడ్డాడో ఆ ఆఫీసుకే. చివరికి కవర్ చేతికొచ్చింది. తన పేరు సరిగ్గా రాశారో లేదో కూడా చూడలేదు. ప్రత్యామ్నాయ అభ్యర్థి గడిలో ఎవరి పేరు ఉందో ముందు అది చూశాడు. బీ-ఫారంలో ఆ గడి ఒకటి ఉంటుంది, అసలు అభ్యర్థి నామినేషన్ చెల్లకపోతేనో వెనక్కి తీసుకుంటేనో ఎవరు అభ్యర్థి అవుతారో పార్టీ అక్కడ రాస్తుంది. అందులో తన నియోజకవర్గంలోని ప్రత్యర్థి వర్గం మనిషి పేరు ఉంది. ఆ తర్వాత ఆయన పార్టీ అధ్యక్షుడి గురించి పల్లెత్తు మాట అనగా నేను వినలేదు.

ఆ ఒక్క కాగితం మీద ఐదేళ్ల ఖర్చు, కేడరు, కేసులు, కాంట్రాక్టులు, కొడుకు రాజకీయం అన్నీ ఆధారపడి ఉంటాయి. ఇవాళ అసెంబ్లీ ఎన్నికలో నిలబడటానికి ఎంత ఖర్చవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పార్టీ గుర్తు లేకుండా అంత పెట్టుబడి పెట్టే ధైర్యం చాలామందికి ఉండదు. దీన్ని పిరికితనం అని కొట్టిపారేస్తే మనకు అర్థమయ్యేది ఏమీ ఉండదు.

ఇక వేదిక సంగతి. ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలంటే పార్టీకి నియమావళి ఉండాలి, అందులో సంస్థాగత ఎన్నికల మాట ఉండాలి. కాగితం మీద ఉంటుంది కూడా. జరిగేది మాత్రం ఏకగ్రీవం. 2021 అక్టోబర్‌లో మాదాపూర్ హెచ్ఐసీసీలో టీఆర్ఎస్ ప్లీనరీ జరిగినప్పుడు అధ్యక్ష పదవికి వచ్చిన నామినేషన్లన్నీ కేసీఆర్ గారి పేరు మీదే. 2022 జూలైలో వైసీపీ ప్లీనరీ జగన్ గారిని శాశ్వత అధ్యక్షుడిగా ప్రకటించింది, అది ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘమే అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. కాంగ్రెస్‌లో సీఎల్పీ (శాసనసభాపక్షం) సమావేశం అంటే ఢిల్లీ నుంచి పరిశీలకులు రావడం, నిర్ణయాన్ని అధిష్ఠానానికి వదిలేస్తూ ఏకవాక్య తీర్మానం చేయడం, తర్వాత సీల్డ్ కవర్. 1978 ఎన్నికలకీ 1983 ఎన్నికలకీ మధ్య ఉమ్మడి రాష్ట్రంలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, నలుగురు ముఖ్యమంత్రులు మారారు. ఒక్కసారి కూడా హైదరాబాద్‌లో ఎమ్మెల్యేలు నిజంగా పోటీ పెట్టుకుని తేల్చుకున్నది కాదు. కాబట్టి కాంగ్రెస్ నాయకుడికి పోరాటం అంటే ఢిల్లీ ప్రయాణమే. హైదరాబాద్‌లో మాట్లాడతాడు, వినాల్సినవాళ్లు మాత్రం ఢిల్లీలో ఉంటారు. మీ ఎమ్మెల్యే మాటల్ని ముఖ్యమంత్రికి చెప్పినవిగా వింటే అర్థం కాదు. అధిష్ఠానానికి రాసిన అర్జీగా వింటే ప్రతి వాక్యం అర్థమవుతుంది.

బీజేపీ మాకు పద్ధతి ఉందంటుంది. 2025 జూన్ 30న గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ గారు రాష్ట్ర అధ్యక్ష పదవికి నామినేషన్ వేయడానికి నాంపల్లి ఆఫీసుకు వెళ్లారు. తనకు మద్దతుగా సంతకాలు పెట్టేవాళ్లను బెదిరించారని ఆరోపిస్తూ అదే రోజు పార్టీకి రాజీనామా ఇచ్చారు. జూలైలో పార్టీ ఆమోదించింది. ఆయన రాజకీయంతో నాకు ఏకీభావం లేదు. కానీ ఒక మాట చెప్పాలి, మన దగ్గర పోటీకి దిగుతానని ఆఫీసు దాకా వెళ్లినవాళ్లు చాలా అరుదు.

ఇప్పుడు మీకు ఒక ఇంట్లోనే జరిగిన కథ చెప్తాను, ఎందుకంటే మిగతా నాయకులు పాఠాలు నేర్చుకునేది పుస్తకాల్లోంచి కాదు, ఇలాంటి వాటి నుంచే. 2021 జూన్‌లో రేవంత్‌రెడ్డి గారిని పీసీసీ అధ్యక్షుడిగా ప్రకటించినప్పుడు భువనగిరి ఎంపీ కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి గారు భగ్గుమన్నారు. పదవి అమ్ముడుపోయిందన్నారు, గాంధీ భవన్ మెట్లు ఎక్కనన్నారు. పార్టీని మాత్రం వదల్లేదు. ఆయన తమ్ముడు రాజగోపాల్‌రెడ్డి గారు 2022 ఆగస్టులో ఎమ్మెల్యే పదవికి, పార్టీకి రాజీనామా చేసి, బీజేపీ అభ్యర్థిగా మునుగోడు ఉప ఎన్నికకు దిగారు. నవంబర్‌లో 10,309 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అన్నగారు ఆ ఉప ఎన్నికలో పార్టీ ప్రచారానికి దూరంగా ఉన్నారు, షోకాజ్ నోటీసులు అందుకున్నారు, అయినా పార్టీలోనే ఉన్నారు. 2023 అక్టోబర్‌లో తమ్ముడు కాంగ్రెస్‌కి తిరిగొచ్చి మునుగోడులో గెలిచారు. ఆ డిసెంబర్‌లో రేవంత్‌రెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. అన్నగారు ఆ క్యాబినెట్‌లోనే రోడ్లు, భవనాల మంత్రి. తమ్ముడు 2025 జూన్ విస్తరణలో కూడా చోటు దక్కక బయటి నుంచే మాట్లాడుతున్నారు. మాట్లాడి ఆగినవాడికి మంత్రి పదవి దక్కింది. రాజీనామా చేసి ఎన్నికకు వెళ్లినవాడికి దక్కలేదు. ఈ ఫలితం చూసిన ఏ ఎమ్మెల్యే అయినా రెండో దారి ఎందుకు ఎంచుకుంటాడు?

2022 డిసెంబర్‌లోనూ ఇదే. పీసీసీ కమిటీల్లో తెలుగుదేశం నుంచి వచ్చినవాళ్లకే పెద్దపీట వేశారంటూ సీనియర్లు భట్టి విక్రమార్క గారి ఇంట్లో సమావేశమై ‘సేవ్ కాంగ్రెస్’ అన్నారు. ఉత్తమ్‌కుమార్‌రెడ్డి, దామోదర రాజనర్సింహ, మధు యాష్కీ, జగ్గారెడ్డి, మహేశ్వర్‌రెడ్డి లాంటివాళ్లు అందులో ఉన్నారు. మర్నాడు రేవంత్ వర్గం వైపు నుంచి కొందరు పీసీసీ పదవులకు రాజీనామాలు చేశారు. దిగ్విజయ్‌సింగ్ గారు హైదరాబాద్ వచ్చి గాంధీ భవన్‌లో అందరితో మాట్లాడారు. జనవరిలో ఇన్‌చార్జి మాణిక్కం ఠాగూర్ స్థానంలో మాణిక్‌రావు ఠాక్రే వచ్చారు. అధ్యక్షుడు మారలేదు, ఇన్‌చార్జి మారాడు. ఏడాది తిరిగేసరికి భట్టి ఉప ముఖ్యమంత్రి, ఉత్తమ్, దామోదర మంత్రులు. మహేశ్వర్‌రెడ్డి ఒక్కరు 2023 ఏప్రిల్‌లో బీజేపీకి వెళ్లి అక్కడ శాసనసభాపక్ష నేత అయ్యారు. అప్పట్లో చాలామంది దీన్ని చేతగాని తిరుగుబాటు అని రాశారు. నేను ఆ మాటతో ఏకీభవించను. భట్టి ఆ తర్వాత ఏం చేశారో చూడండి. మార్చి 16న ఆదిలాబాద్ జిల్లా పిప్పిరి నుంచి పాదయాత్ర మొదలుపెట్టి జూలై 2న ఖమ్మం సభ దాకా ఎండలో నడిచారు. అధ్యక్షుడిని దింపాలని చూడలేదు, తన బలం తాను పెంచుకున్నారు. తలపడకుండా ఉండటంలో కూడా పని చేసేవాళ్లు, పని చేయనివాళ్లు అని రెండు రకాలు ఉంటారు. మీ ఎమ్మెల్యే ఏ రకమో ఆయన నియోజకవర్గంలో కనిపించే రోజుల్ని బట్టి తెలిసిపోతుంది.

ఇలాంటి విమర్శల్లో మరో తీరు ఉంది. నాయకుడు మంచివాడే, చుట్టూ ఉన్న కోటరీయే చెడగొడుతోంది అంటారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు. 2025 మేలో కవిత గారు తండ్రికి రాసిన లేఖ బయటకు వచ్చాక శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అన్నది ఇదే, కేసీఆర్ దేవుడు, ఆయన చుట్టూ దెయ్యాలున్నాయని. సెప్టెంబర్ 1న హరీశ్‌రావు, సంతోష్ గార్ల మీద పేరు పెట్టి ఆరోపణలు చేశారు. 2న పార్టీ సస్పెండ్ చేసింది. 3న ఆమె పార్టీకీ ఎమ్మెల్సీ పదవికీ రాజీనామా ప్రకటించారు. కోటరీ అన్నంత కాలం నడిచింది, పేర్లు చెప్పగానే రెండు రోజుల్లో తేలిపోయింది. ఆమె ఆరోపణల్లో నిజానిజాలు వేరే విషయం. కానీ పదవి కూడా వదిలేయడం మన దగ్గర తరచూ చూసేది కాదు.

కోటరీ మాటకు అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ 1995. ఎమ్మెల్యేల ఫిర్యాదంతా లక్ష్మీపార్వతి గారి జోక్యం మీదే. ఎన్టీఆర్ గారి మీద మాకు గౌరవమే అనేవాళ్లు. ట్యాంక్‌బండ్ పక్కన వైస్రాయ్ హోటల్లో ఎమ్మెల్యేలు పోగయ్యాక దిగిపోవాల్సి వచ్చింది మాత్రం ఎన్టీఆరే. సెప్టెంబర్ 1న చంద్రబాబు గారు ప్రమాణం చేశారు. అది తప్పో ఒప్పో అనే వాదన ఇప్పటికీ తెగలేదు. మీ ప్రశ్నకు సంబంధించినంత వరకు దాని పాఠం ఇది: సంఖ్య చేతిలో ఉంటేనే తలపడతారు, సంఖ్య లేని తిరుగుబాటు నిలవదు. 1984 ఆగస్టు 16న నాదెండ్ల భాస్కరరావు గారు ముఖ్యమంత్రి అయితే సభలో బలం లేక నెల రోజులకే దిగిపోయారు. ఈ రెండు సంఘటనలూ మన నాయకుల బుర్రల్లో బలంగా నాటుకున్నాయి.

సంఖ్య లేకుండా తలపడ్డవాళ్లు లేరా? ఉన్నారు. 2001 ఏప్రిల్‌లో కేసీఆర్ గారు డిప్యూటీ స్పీకర్ పదవి, తెలుగుదేశం సభ్యత్వం, సిద్దిపేట శాసనసభ్యత్వం మూడూ వదిలేసి, 27న హైదరాబాద్‌లోని జలదృశ్యంలో కొత్త పార్టీ టీఆర్ఎస్‌ను ప్రకటించారు. ఉప ఎన్నికకు వెళ్లి గెలిచారు. మంత్రి పదవి రాలేదన్న కోపం అందులో ఉందని అప్పుడు అందరూ అన్నారు, ఉండే ఉంటుంది. కానీ తన సీటును పందెం కాశారు. ఆ టీఆర్ఎస్‌లోనే పద్దెనిమిదేళ్ల తర్వాత ఈటల రాజేందర్ గారు గులాబీ జెండాకు మేమూ ఓనర్లమే అన్నది 2019 ఆగస్టులో. ఆ తర్వాత కూడా క్యాబినెట్‌లోనే కొనసాగారు. 2021 మేలో భూముల ఆరోపణలతో తొలగించాకే జూన్‌లో రాజీనామా చేసి, నవంబర్‌లో హుజూరాబాద్ ఉప ఎన్నికలో 23,855 ఓట్ల మెజారిటీతో గెలిచారు. మాటకీ చేతకీ మధ్య పార్టీయే నెట్టాల్సి వచ్చింది. కిరణ్‌కుమార్‌రెడ్డి గారైతే ముఖ్యమంత్రిగా ఉంటూనే అధిష్ఠానం విభజన నిర్ణయాన్ని వ్యతిరేకించారు, 2014 జనవరి 30న సభలో తిరస్కార తీర్మానం పెట్టించారు, రాజీనామా మాత్రం లోక్‌సభలో బిల్లు గట్టెక్కిన మర్నాడు, ఫిబ్రవరి 19న ఇచ్చారు. అప్పటికి దానివల్ల ఆగేది ఏమీ మిగల్లేదు. తెలంగాణవాడిగా నాకు ఆ బిల్లు పాసవడమే కావాలి. అయినా ఒక నాయకుడి వ్యతిరేకతను తూచాలంటే అతను పదవిని ఎప్పుడు వదిలాడన్నదే చూడాలి.

ఇదంతా మన దేశం తెగులే అనుకోకండి. అమెరికాలో ఫిరాయింపుల చట్టమే లేదు. టికెట్ ఇచ్చేది అధ్యక్షుడు కాదు, ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటర్లు. అయినా 2017 అక్టోబర్‌లో ట్రంప్ సొంత పార్టీకే చెందిన అరిజోనా సెనేటర్ జెఫ్ ఫ్లేక్ సభలో ట్రంప్ తీరును తూర్పారబట్టి, అదే ప్రసంగంలో తాను మళ్లీ పోటీ చేయనన్నారు. అదే పార్టీ ప్రతినిధుల సభ సభ్యురాలు లిజ్ చెనీ ట్రంప్‌తో తలపడ్డారు, 2022 ఆగస్టులో వయోమింగ్ ప్రైమరీలో ఘోరంగా ఓడిపోయారు. అంటే చట్టం తీసేసినా, టికెట్ నాయకుడి చేతిలోంచి లాగేసినా, పార్టీ ఓటర్లు నాయకుడి వెంట ఉంటే విమర్శకుడు ఒంటరే.

బ్రిటన్ వేరే దారి చూపిస్తుంది. 2022 జూన్ 6న బోరిస్ జాన్సన్ మీద సొంత ఎంపీలే విశ్వాస ఓటు పెట్టారు. అది రహస్య బ్యాలెట్. 211 మంది అనుకూలం, 148 మంది వ్యతిరేకం. ఆయన గెలిచారు, కానీ ఎంతమంది కాదంటున్నారో లెక్క తేలింది. జూలై 7న రాజీనామా ప్రకటించారు. మన దగ్గర కూడా రహస్య బ్యాలెట్ పెట్టినప్పుడు ఏమైందో 2022 అక్టోబర్ కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో చూశాం. 2020లో పార్టీలో మార్పులు కోరుతూ సోనియా గారికి లేఖ రాసిన 23 మందిలో ఒకరైన శశి థరూర్ పోటీకి దిగితే, ఆ లేఖ మీద సంతకం పెట్టినవాళ్లలోనే ఆనంద్ శర్మ, మనీశ్ తివారీ లాంటివాళ్లు ఖర్గే గారిని ప్రతిపాదిస్తూ సంతకాలు చేశారు. బహిరంగంగా థరూర్ వెంట నిలిచినవాళ్లు కొద్దిమందే. పెట్టెలు తెరిస్తే ఖర్గేకి 7,897, థరూర్‌కి 1,072. ఓటమి ఓటమే. కానీ 2000లో సోనియా గారి మీద పోటీ చేసిన జితేంద్ర ప్రసాదకు వచ్చినవి 94 ఓట్లు. తమ పేరు బయటికి రాదన్న నమ్మకం ఉంటే తలపడటానికి వెయ్యి మంది ఉన్నారు. అందుకే మన నాయకుల్లో ధైర్యం కన్నా ముందు లేనిది రహస్యంగా ఓటేసే చోటు అంటాను.

ఇక మీ ఎమ్మెల్యేని ఎలా చూడాలన్నది. ‘రాజీనామా చేస్తావా లేదా’ అని నిలదీయడం నాకు ఇష్టం లేదు. పార్టీలో ఉంటూనే నాయకుడికి ఎదురు మాట్లాడటం తప్పు కాదు, అది ఉండాల్సిందే. మన ఖైరతాబాద్ పి.జనార్దన్‌రెడ్డి గారినే తీసుకోండి. 2004 తర్వాత ఆయనకు మంత్రి పదవి రాలేదు, ఆ బాధ ఆయనకు ఉందని అందరికీ తెలుసు. కానీ పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 44 వేల క్యూసెక్కులకు పెంచడాన్ని ఆయన వ్యతిరేకించినప్పుడు మాట్లాడింది కృష్ణా నీళ్ల గురించి. వైఎస్ గారి ప్రభుత్వం ఎంత బలంగా ఉన్నా వెనక్కి తగ్గలేదు. 2007 డిసెంబర్‌లో చనిపోయేదాకా కాంగ్రెస్‌లోనే ఉన్నారు. ఆయన తలపడలేదని నేను అనలేను. నాయకుడి కుర్చీ కోసం తలపడలేదు, ఒక నిర్ణయంతో తలపడ్డారు. నాకు తెలిసిన గౌరవప్రదమైన అసమ్మతి ఇది.

కాబట్టి ఆయన ప్రెస్‌మీట్ వీడియోలు మళ్లీ చూడండి. ఏ జీవో, ఏ ప్రాజెక్టు, ఏ కేటాయింపు గురించి మాట్లాడుతున్నాడు? లేక ‘సీనియర్లకు గుర్తింపు లేదు’, ‘నాకు సమాచారం లేదు’ అనే రెండు మాటల చుట్టూనే తిరుగుతున్నాడా? మంత్రివర్గ విస్తరణ, కార్పొరేషన్ పదవుల భర్తీ, టికెట్ల ప్రకటన తేదీలు పక్కన రాసుకుని, ఆయన గొంతు ఎప్పుడు లేచిందో, ఎప్పుడు తగ్గిందో సరిపోల్చండి. నేను బీటులో ఉన్నప్పుడు చేసిన పని ఇదే, ఎక్కువసార్లు మరో ఆధారం అక్కర్లేకపోయేది. ప్రెస్‌క్లబ్‌లో అన్న మాట అసెంబ్లీలో పద్దుల చర్చలో అన్నాడా అని కూడా చూడండి. పద్దు మీద అసంతృప్తి చెప్పి, ఓటు పార్టీకే వేయొచ్చు. విప్ దానికి అడ్డం రాదు. సభా కార్యక్రమాల నివేదికలు అసెంబ్లీ ప్రచురిస్తుంది, వెతికితే దొరుకుతాయి.

ఈసారి ఆయన మీ బస్తీకి వచ్చినప్పుడు ఒక్కటే అడగండి. మీ పార్టీ అధ్యక్ష పదవికి రహస్య బ్యాలెట్ పెట్టాలని కార్యవర్గానికి రాతపూర్వకంగా ప్రతిపాదన ఇచ్చారా, ఇస్తే ఆ కాగితం నకలు చూపిస్తారా అని.